చల్లారాక తేలిన నీలం

డాక్టరమ్మ కీటో డైట్ మాట ఎత్తిన రోజు తూకం అన్న మొహం చూసి తీరాల్సింది. చెల్లెలి జబ్బు మొదలైన ఇన్నేళ్లలో ఆయన చేతికి ఒక పని దొరికింది అప్పుడే. అంతవరకు మందులు రాసేది డాక్టరమ్మ, మింగేది చెల్లెలు. ఆయన ఆసుపత్రి బెంచీ మీద చేతులు నలుపుకుంటూ కూర్చోవడమే. ఇప్పుడు వండాలి, కొలవాలి, తూచాలి. తూచడమంటే ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పైగా ఈ వైద్యంలో వెన్న కూడా దండిగా ఉంది.

ఆయనది బట్టల మీద రంగులద్దే షెడ్డు. రంగు పొడి దగ్గర్నుంచి పనివాళ్ల టీలో చక్కెర దాకా తూచందే ఆయన చేయి ఊరుకోదు. అందుకే అందరూ మొహం మీదే తూకం అన్న అనేవారు, ఆయనా పలికేవాడు. ఆ బట్టల మీద పడే లతలు, పిట్టలు, గళ్లు అన్నీ గీసేది చెల్లెలు. ఆమెకు గీతలక్క అని పేరు పడింది. ఇల్లు షెడ్డుకు పైనే. ముందు గదుల్లో అన్నా వదినా, వెనక గదిలో గీతలక్క. వదిన పొద్దున్నే బట్టల కొట్టుకు వెళితే చీకటి పడ్డాకే రావడం, కాబట్టి వంటిల్లు మొదటి నుంచీ తూకం అన్నదే.

గీతలక్క జబ్బు పేరు బైపోలార్. పేరు పెట్టారు కాబట్టి అదేదో పెట్టెలో పెట్టి మూత వేసినట్టు ఉంటుంది గానీ, ఇంట్లో అది అలా ఉండేది కాదు. పైకి లేచిందంటే నిద్ర ఉండదు, తిండి ఉండదు, మాటకు అడ్డూ ఆపూ ఉండదు. కాగితం అయిపోతే గోడ మీద, గోడ అయిపోతే తలుపు మీద బొమ్మలు. ఆ రోజుల్లో ఆమె గీసిన వాటిని చూసి కొనేవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. ఆ తరువాత కింద పడేది. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంటే తల దువ్వడానికి కూడా వదిన బతిమాలాల్సి వచ్చేది. గోడల మీది బొమ్మలను చూసి మురిసిపోయినవాళ్లెవరూ ఆ నెలల్లో గుమ్మం తొక్కలేదు.

ఆఖరుసారి పైకి లేచినప్పుడు, అప్పట్లో తనతోనే ఉండే కూతుర్ని పరీక్ష హాలులోంచి లేపుకుని రైలెక్కించింది. సముద్రం చూపిస్తానంది. ఎవరికీ చెప్పలేదు. సముద్రం దాకా చేరనే లేదు. ఎక్కడో దిగి, ఇంకెక్కడో ఎక్కి, చివరికి ఏదో స్టేషన్ బెంచీ మీద ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోతుంటే పోలీసులు ఇంటికి ఫోన్ చేశారు. అప్పటికే విడిపోయి వేరే ఊళ్లో ఉంటున్న తండ్రి వచ్చి పిల్లను తీసుకుపోయాడు. తప్పు పట్టడానికి గీతలక్కకు నోరు రాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. అమ్మంటే ప్రేమ ఉంది, భయమూ ఉంది. రెండూ దాచుకోని వయసు. పెద్ద సెలవుల దాకా అమ్మ నిలకడగా ఉంటే వస్తానంది. వచ్చి ఉన్నన్నాళ్లూ బాగుంటే పై చదువు ఇక్కడే చదువుతానని కూడా అంది. గీతలక్కకు ఇక బతుకులో కావలసింది అదొక్కటే. దానికోసం రాళ్లు తినమన్నా తినేది, డాక్టరమ్మ వెన్న తినమంది.

డాక్టరమ్మ గొప్పలు చెప్పే మనిషి కాదు. మూర్ఛ వచ్చే పిల్లలకు ఈ తిండి ఎప్పటినుంచో పెడుతున్నారని, మనసు జబ్బులకు మాత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉందని, కొందరికి మేలు చేస్తున్నట్టుంది గానీ అందరికీ చేస్తుందని తాను అననని ముందే చెప్పింది. టాబ్లెట్లు ఆపడానికి వీల్లేదని మరీ మరీ చెప్పింది. అన్నం, రొట్టె, దుంపలు, చక్కెర మానేస్తే ఒళ్లు కొవ్వును కరిగించుకుని కీటోన్లు తయారు చేసుకుంటుందట, మెదడు వాటితో నడుస్తుందట. వేలి మీద చిన్న పోటు పొడిచి నెత్తురు చుక్కను సన్నటి పుల్లతో మీటరుకు అందిస్తే ఆ కీటోన్లు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. గీతలక్కకు ఆ మీటరు మీద గురి కుదిరింది. ఇన్నేళ్లుగా ఆమె బాగుందో లేదో ఆమె కళ్లు చూసి వేరేవాళ్లు చెప్పేవారు. మొదటిసారి ఆమె చేతిలో ఒక అంకె ఉంది.

తూకం అన్న రంగులు తూచే కాటా లాంటిదే ఇంకొకటి కొని వంటింట్లో పెట్టాడు. గుడ్లు, మీగడ, మాంసం, పుట్టగొడుగులు, ఆకుకూరలు. ఏది ఎంతో తెలిశాకే పొయ్యి వెలిగేది. అంతటితో ఆగలేదు. చెల్లెలు మానిన అన్నం, రొట్టె తానూ మానేశాడు. భోజనం బల్ల దగ్గర ఆమె ఒక్కతే వేరే తిండి తినకూడదన్నాడు. వదిన మాత్రం తన రొట్టె తాను కొట్టులోనే తిని వచ్చేది, ఈ అన్నాచెల్లెళ్ల మధ్యలో నేనెందుకు అని నవ్వేది. నిజంగానే ఆ అన్న చెల్లెల్ని కళ్లలో పెట్టుకుని చూసుకున్నాడు. ఇది వెటకారం కాదు. అప్పటికి అది నిజం.

ఒక నెల ఇబ్బంది పడింది. తలనొప్పి, నీరసం, నోట్లో ఏదో ఇనుము రుచి. ఆ తరువాత మెల్లగా ఏదో సర్దుకుంది. పడుకుంటే నిద్ర పట్టేది, తెల్లవారితే మెలకువ వచ్చేది. లోకంలో అందరికీ రోజూ జరిగే ఈ రెండు పనులూ గీతలక్కకు పండగలా అనిపించాయి. కోపం వస్తే కోపమే వచ్చేది, దాని వెనకాల ఇంకేదీ తరుముకు రాలేదు. డాక్టరమ్మ సంతోషించింది, ఇది డైట్ వల్లనో మందుల వల్లనో రెంటి వల్లనో ఇప్పుడే తేల్చవద్దంది. ఎందువల్లనైతేనేం అనుకుంది గీతలక్క. ఆదివారం ఆదివారం కూతురు ఫోన్లో కనిపించేది. మొదట్లో పొడిపొడిగా మాట్లాడే పిల్ల, రానురాను తన స్నేహితుల మీద చాడీలు చెప్పడం మొదలుపెట్టింది. తల్లికి అంతకంటే ఏం కావాలి.

గీతలే మారాయి. చక్కగా, పొందికగా, కొలత తప్పకుండా ఉండేవి. లత అంటే లతే, పిట్ట అంటే పిట్టే. పెద్ద ఎత్తున సరుకు తీసుకునే వ్యాపారి నమూనాలు తిరగేసి, బాగున్నాయి గానీ పాత ఊపు ఏదని అడిగి వెళ్లిపోయాడట. తరువాత చాన్నాళ్లు రాలేదు. షెడ్డులో బల్లలు రెండు ఖాళీ పడ్డాయి. పనివాళ్లు చెవులు కొరుక్కుంటుంటే గీతలక్క చెవిన పడింది. ఆమె తిన్నగా అన్న దగ్గరికే వెళ్లి, ఆ పాత బొమ్మలు తనవి కావని, జబ్బువని, అవి ఇక రావని చెప్పింది. చెబుతుంటే ఆమెకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

"పోతే పోనీ చిన్నీ, నువ్వు బాగుండటమే నాకు కావాలి" అన్నాడు తూకం అన్న.

ఆ మాట ఆమె ఎన్ని రోజులు మనసులో పెట్టుకు తిరిగిందో చెప్పలేం. వింటున్న మనకే బాగుంది, ఆమెకు ఎలా ఉంటుంది మరి.

సెలవులు దగ్గర పడుతుండగా మీటరులో అంకె జారడం మొదలైంది. మొదట కొంచెం. తరువాత ఇంకొంచెం. మీటరు పుల్లలు పాతబడ్డాయేమోనని కొత్త డబ్బా తెప్పించింది. అంకె మారలేదు. డాక్టరమ్మ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, ఎప్పుడైనా నోరు కట్టుకోలేకపోవడం అందరికీ ఉండేదేనని, బయట ఏమైనా తింటోందేమో దాచకుండా చెప్పమని అడిగింది. గీతలక్క ఒట్టు పెట్టింది. పక్కనే కూర్చున్న తూకం అన్న ఆమె భుజం మీద చేయి వేసి, "పోనీలే డాక్టరమ్మా, ఎంతకాలమని నోరు కట్టుకుంటుంది" అన్నాడు. వెనకేసుకొస్తున్నాడనుకుంది ఆమె. దారిలో మాత్రం ఏడుపు వచ్చింది, తినని తిండికి దొంగ అయిపోయినందుకు.

నిద్ర తగ్గింది. చేతికి దురద పుట్టినట్టు బొమ్మలు వచ్చాయి. ఒకదాని తోక ఇంకొకటి మింగే పిట్టలు, అంచులు దాటి పారిపోయే తీగలు. ఆమె గీస్తుంటే తూకం అన్న వెనకాల వచ్చి నిలబడేవాడు.  కాగితం తడి ఆరకముందే కిందికి తీసుకుపోయేవాడు. ఆ వ్యాపారి మళ్లీ వచ్చాడు, ఖాళీ బల్లల మీద మళ్లీ బట్ట పరిచారు. షెడ్డు కళకళలాడింది. గీతలక్క మాత్రం ఒక్కరోజులోనే కూతురికి పదేపదే ఫోన్ చేసి, నీ గదికి ఏ రంగు వేయించను, మంచం కిటికీ వైపు పెట్టనా, పిల్లిని తెద్దామా, రెండు తెద్దామా అని ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. అవతల పిల్ల చాలాసేపు విని, ఈసారికి వద్దులే అమ్మా, డాక్టరమ్మ బాగుందన్నాక వస్తానంది.

ఫోన్ పెట్టేశాక గీతలక్కకు ఒక్కసారిగా నీళ్లు చల్లినట్టయింది. డాక్టరమ్మ మందు పెంచింది. ఆ మందు తల మీద బరువుగా కూర్చుంది గానీ, ఆ బరువు కిందే ఆమె ఒక మాట పదేపదే ఆలోచించింది. నేను తినలేదు. తినలేదని నాకు తెలుసు. మరి లోపలికి ఎలా వెళుతోంది?

ఆ ప్రశ్న వెనకాలే భయమూ వచ్చింది. ఎందుకంటే ఇలాంటి అనుమానం ఆమెకు కొత్త కాదు. రైలెక్కిన ఆ రోజులకు ముందే ఒకసారి, వదిన పాలల్లో ఏదో కలుపుతోందని ఒంటికాలి మీద లేచింది. ఇల్లంతా పీకి పందిరి వేసింది. వదిన ఏడుస్తూ ఆ పాలు తానే గడగడా తాగి చూపించింది. ఏమీ లేదు. పాలే. గుమ్మంలో నిలబడి కూతురు అదంతా చూసింది. ఇప్పుడు వచ్చిన అనుమానం మనిషిదో జబ్బుదో గీతలక్కకే తెలియలేదు. కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మగ్గం నుంచి వచ్చే బట్టకు గంజి ఉంటుంది. అది పూర్తిగా వదలకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అందుకని ఉతికిన బట్ట మీద ఒక చుక్క అయోడిన్ వేసి చూస్తారు. గంజి మిగిలి ఉంటే చుక్క నీలంగా మారుతుంది, లేకపోతే పసుపుగానే ఉంటుంది. షెడ్డులో ఊడ్చే మనిషికి కూడా తెలిసిన సంగతే ఇది. ఆ మధ్యాహ్నం గీతలక్క కింది నుంచి అయోడిన్ సీసా కొంగు చాటున పైకి తెచ్చింది. బల్ల మీద పుట్టగొడుగుల సూప్ పొగలు కక్కుతోంది. అన్న గిన్నె పెట్టి, వేడిగా తాగమని చెప్పి, కిందికి వెళ్లాడు.

చుక్కలు వేసింది. రంగు మారలేదు. ఇంకొన్ని వేసింది. తేలికగా పసుపు తిరిగింది, అంతే.

గీతలక్క రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. రొట్టె మానేసిన అన్న, కన్నకూతురికి తల దువ్వినంత ఓపికగా గ్రాములు తూచిన అన్న, ఆయన వండిన తిండికి పరీక్ష పెట్టింది. జబ్బు మళ్లీ వచ్చిందనే అనుకుంది. డాక్టరమ్మకు ఫోన్ చేసి ఒప్పేసుకుందాం, ఆసుపత్రిలో చేర్చుకోమందాం అనుకుంది. అలా ఎంతసేపు ఉందో, కళ్లు తుడుచుకుని గిన్నె తీయబోయింది.

గిన్నె అంచుల నుంచి నీలం కమ్ముకొస్తోంది. సూప్ మీద పొగ ఆగిపోయింది. వేడి మీద ఉండగా ఆ రంగు పైకి రాదన్న సంగతి ఆమె మరిచిపోయింది. షెడ్డులో ఎవరూ వేడి బట్ట మీద చుక్క వేయరు మరి. ఆమె చూస్తుండగానే నీలం చిక్కబడి నడిమధ్యకు చేరింది. అనుమానం తీరక, సూప్‌లో పోసే మీగడ కొంచెం విడిగా తీసి దానిలోనూ చుక్క వేసింది. అది పసుపుగానే ఉండిపోయింది.

తూకం అన్న ఖాళీ గిన్నె కోసం పైకి వచ్చాడు. బల్ల మీద సీసా చూశాడు, గిన్నె చూశాడు. ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె అరుస్తుందనుకున్నాడేమో. ఆమె అడిగింది ఒక్కటే, ఎప్పటినుంచి అని.  ఆయన చెప్పాడు. ఆ వ్యాపారి వెళ్లిపోయినప్పటి నుంచి. సూప్‌లో మొక్కజొన్న పిండి, మాంసం ఉండల్లో నూరిన బియ్యం. వదినకు తెలియదు. షెడ్డు మూతపడే స్థితికి వచ్చిందని, ఇంతమంది పొట్ట కొట్టలేకపోయానని అన్నాడు. చెబుతూ చెబుతూ ఆయన గొంతులో ఒక రకమైన నమ్మకం కూడా వచ్చింది.

"ఎక్కువ వేయలేదు చిన్నీ. తూచే వేశాను. నువ్వు మరీ పైకి పోకుండా, కింద పడకుండా, గీసేంత వరకే."

గీతలక్క ఆ మాట విని ఆయన చేతుల వైపు చూసింది. నమ్మించి గొంతు కోయడం అంటే కత్తి ఉండాలని అనుకుంటాం. ఈ మనిషి కాటా పట్టుకుని, ఆమెకు ఎంత జబ్బు కావాలో రోజూ తూచి పెట్టాడు. తనూ అదే బల్ల మీద, రొట్టె లేకుండా, ఎదురుగా కూర్చుని తిన్నాడు.

"డాక్టరమ్మ నన్ను అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. నా భుజం మీద చెయ్యేశావు" అంది.

ఆయన తల దించుకున్నాడు. ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు దొంగ ఏడుపని చెబితే కథ తేలికయ్యేది. కానీ అది నిజమైన ఏడుపే, అదే ఆమెకు ఇంకా కంపరం పుట్టించింది. క్షమించమని అడిగాడు. ఏం చేయమంటే అది చేస్తానన్నాడు.

ఆమెకు కావలసింది ఒక్కటే ఉంది. పిల్లకు నిజం చెప్పమంది. ఇప్పుడే, తన ముందే. అమ్మ మాట తప్పలేదని, దొంగతిండి తినలేదని, జబ్బు దానంతట అది తిరిగి రాలేదని. తూకం అన్న కళ్లు తుడుచుకుని సరేనన్నాడు. ఆమె ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది. గొంతు పెద్దగా వినపడేలా పెట్టింది.

కూతురు పలికింది. గీతలక్క తొందరపడకూడదని గట్టిగా అనుకుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంది. మామయ్య నా తిండిలో పిండి కలిపాడమ్మా, అందుకే ఇలా అయింది, ఇప్పుడే చూశాను, నీలం రంగు వచ్చింది అని చెప్పింది. తన చెవులకే ఆ మాటలు ఎలా వినిపించాయో ఆమెకు మధ్యలోనే తెలిసిపోయింది. అయినా ఆపలేకపోయింది.

 ఆ పిల్ల చాలా మెత్తగా, నిద్రలో ఉన్నవాళ్లను లేపేటంత మెత్తగా అడిగింది.

"అమ్మా, టాబ్లెట్ వేసుకున్నావా?"

జవాబు రాకముందే, "మామయ్య ఉన్నాడా అక్కడ? ఒకసారి ఇవ్వు" అంది కూతురు. ఇవ్వనక్కర్లేదు, ఆయన ఎదురుగానే ఉన్నాడు. ఆమె ఫోన్‌ని ఆయన వైపు జరిపింది. ఆయన ఫోన్ చూశాడు, గిన్నె చూశాడు, కింద నడుస్తున్న షెడ్డు చప్పుడు విన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లను భుజాల మీద తిప్పినవాడు ఆయన. ఆ పిల్లకు ఈ లోకంలో అందరికంటే మామయ్య మీదే గురి.

"మామయ్యా, ఏంటిది? నిజంగానా?"

"నువ్వు కంగారు పడకు తల్లీ" అన్నాడు తూకం అన్న. "నేను చూసుకుంటాను కదా."

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, చూడండి. అంత తూకంగా మాట్లాడాడు.

కూతురు గుండెల నిండా ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. నువ్వున్నావు కాబట్టి సరిపోయింది మామయ్యా అంది. గీతలక్క లేచి నిలబడింది. గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. ఆయన చొక్కా పట్టుకుని పిల్లకు వినిపించేలా నిజం కక్కించాలనిపించింది. ఏది చేసినా జబ్బే అవుతుంది. అరిస్తే జబ్బు. ఏడిస్తే జబ్బు. ఆ గిన్నె పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తితే, ఆ పిండి నువ్వే కలుపుకున్నావేమో అని ఆవిడ అనకపోయినా అనుకుంటుంది. కోపం తెచ్చుకునే హక్కు కూడా బాగున్నవాళ్లకే ఉంటుందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది.

మెల్లగా కూర్చుంది. ఫోన్ దగ్గరికి తీసుకుని, అన్నం తినిపించేటప్పటి గొంతుతో, "వేసుకున్నాను తల్లీ. ఏదో తోచక అన్నాను. నువ్వు చదువుకో" అంది.

పిల్ల సరేనంది. బాగా నిద్రపో అమ్మా అని కూడా చెప్పింది. ఫోన్ ఆగిపోయింది.

తూకం అన్న ఆమె కళ్లలోకి చూడలేదు. లేచి గిన్నె తీసుకుని సింకులో వంచాడు. నీలం కాసేపు తిరిగి కిందికి దిగిపోయింది. గిన్నె రెండుసార్లు తోమాడు, బోర్లించాడు, బల్ల తుడిచాడు, అయోడిన్ సీసాకు మూత బిగించి జేబులో వేసుకున్నాడు. ఆ తరువాత కాటా ముందుకు లాక్కుని, దాని మీది ధూళి అరచేత్తో తుడుస్తూ, వీపు తిప్పి నిలబడే అడిగాడు.

"రాత్రికి ఏం చేయమంటావు చిన్నీ?"